ఊరేగే వేరియబుల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆర్‌ఎల్ వేరియబుల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయలేను. తమరు కుశలమే, నేనే కాదు.

సర్క్యూట్‌ని కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్‌లో తమరి ఊరేగింపు ఏర్పాట్లన్నీ నేనే చూశాను. విలువని మెట్టు మెట్టుగా మార్చే స్టెప్ కమాండులో 10 ఓముల దగ్గర పల్లకీ ఎక్కించి, 10,000 దగ్గర దించమన్నాను. సర్క్యూట్ ఎంతని! 10 వోల్టుల సోర్సు, దాని లోపల 50 ఓములు, బయట లోడుగా, అంటే పవర్ తీసుకునే రెసిస్టరుగా, తమరు. తమరికి ఎంత పవర్ అందుతుందో గ్రాఫ్ గీయాలి. డిప్లొమా పిల్లల లెక్క.

గ్రాఫ్ కిటికీలో వోల్టేజీ వర్గాన్ని ఆర్‌ఎల్‌తో భాగించమన్నాను. ఆ పేరు గలవారు ఇక్కడ ఎవరూ లేరంది! నెట్‌లిస్టులో, అంటే సర్క్యూట్‌ని రాసుకున్న జాబితాలో, దొరగారు; లెక్కల గుమ్మం దగ్గర అనామకుడు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

అప్పటికి రాత్రి పదకొండు. తమరి మామూలు విలువ 50 కదా అని 50తోనే భాగించేశాను. 50 దగ్గర సరిచూశాను కూడా: 0.5 వాట్లు, పుస్తకంలో ఉన్నట్టే. హాయిగా పడుకున్నాను. (తప్పు లెక్కకి ఎంత తెలివో చూడండి, మనం ఎక్కడ చూస్తామో అక్కడే రైటుగా ఉంటుంది.) తెల్లారి చూస్తే 200 ఓముల దగ్గర 1.28 వాట్లు, నిజానికి రావలసింది 0.32. 10,000 దగ్గర దాదాపు 2 వాట్లు. నిజంగా 10 మిల్లీవాట్లు కూడా లేవు. అంటే లోడు పీకేసి పక్కన పెడితేనే పవర్ దండిగా వస్తుందని నా గ్రాఫ్ తేల్చింది. లోడు సోర్సు లోపలి 50 ఓములతో సమానమైన చోట పవర్ శిఖరం రావాలి కదా, మీటింగులో ఒకాయన "శిఖరం ఎక్కడ బాబూ?" అని అడిగేదాకా నాకు తట్టనే లేదు.

వోల్టేజీని కరెంటుతో గుణిస్తే తమరితో పనే లేదు, ఒప్పుకుంటాను. కానీ రేపు ఇంకో సర్క్యూట్‌లో డిలేని (ఆలస్యాన్ని) ఆర్‌సీతో, అంటే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల లబ్ధంతో, పోల్చాలంటే మళ్లీ తమరి గుమ్మమే గతి. మెజర్ కమాండు మాత్రం తమరిని గుర్తుపడుతుంది. అది నెట్‌లిస్టులోనే కాపురం ఉంటుంది కాబట్టి, ప్రతి మజిలీలో తమరి అప్పటి విలువ తీసుకుని లాగ్ ఫైలులో ఒక అంకె రాస్తుంది. గ్రాఫ్‌కి ఆ చుట్టరికం లేదు.

ఆఖరికి ఒక సీనియర్ ఉపాయం చెప్పారు. సర్క్యూట్ మూల ఒక వోల్టేజీ సోర్సు పెట్టి, ఒక కొస గ్రౌండుకి కట్టి, రెండో కొస దేనికీ కలపకుండా వదిలి, విలువ దగ్గర ఫ్లవర్ బ్రాకెట్లలో తమరి పేరు రాశాను. దాంతో తమరు ఒక నోడ్ (తీగలు కలిసే చోటు) వోల్టేజీ అయ్యారు, గ్రాఫ్‌కి కనబడ్డారు. ఆ నోడ్‌తో భాగిస్తే శిఖరం బుద్ధిగా 50 దగ్గరకొచ్చి కూర్చుంది.

ఇట్లు,
తమరి పల్లకీ బోయీ

తా.క. నిన్న కొత్తగా చేరిన కుర్రాడు ఆ మూల సోర్సు చూసి, "అన్నా, 10 వోల్టుల సర్క్యూట్‌లో 10,000 వోల్టులు ఎందుకున్నాయి?" అని అడిగాడు. తమరి గురించి చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో టీకి వెళ్లొస్తానన్నాడు, ఇంకా రాలేదు.