టికెట్ కొనేముందు, తిరిగొచ్చాక చూసే డాక్టర్ని వెతుక్కోండి

వైద్యం కోసం దేశం దాటి వెళ్ళేవాళ్ళని తప్పుపట్టే పోస్టు కాదిది. మోకాలి ఆపరేషన్‌కి పేరు రాయించుకుని ఏడాది దాటినా పిలుపు రాని మనిషిని, పంటి వైద్యాన్ని బీమా అసలు లెక్కలోకే తీసుకోని చోట బతుకుతున్న మనిషిని, ఎదురుగా కనిపిస్తున్న సగం ధర వదులుకోమనే హక్కు ఎవరికీ లేదు. నా బాధంతా ఒక్క విషయం గురించే. విదేశీ ఆసుపత్రి పంపే కొటేషన్‌లో ఉండేది ఆపరేషన్ ధర. వైద్యం మాత్రం కోత పెట్టిన రోజు మొదలై, పూర్తిగా కోలుకునేదాకా సాగుతుంది. అందులో మొదటి వారమే ప్యాకేజీలోకి వస్తుంది. మిగతా నెలలన్నీ మీ ఊళ్ళో, మీ ఖర్చుతో, మీరు వెతుక్కున్న డాక్టరు దగ్గర గడవాలి. ఆ డాక్టరు ఎవరో తేల్చుకోకుండానే అడ్వాన్సు కట్టేస్తున్నారు. అసలు తప్పు అక్కడ జరుగుతోంది.

ఈ రద్దీ ఊరికే పుట్టలేదు. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో స్థానిక రోగులు తగ్గిపోయేసరికి బ్యాంకాక్ ప్రైవేటు ఆసుపత్రులు బయటి దేశాలవాళ్ళని పిలవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పళ్ళకి హంగరీ, మెక్సికో సరిహద్దు ఊళ్ళు, జుట్టుకి ఇస్తాంబుల్, గుండెకి, కీళ్ళకి, కాలేయ మార్పిడికి భారత్ అన్నంతగా దారులు పడిపోయాయి. ధర తక్కువంటే పని నాసిరకమని అనుకోనక్కర్లేదు. జీతాలు తక్కువ, భవనం ఖర్చు తక్కువ, డాక్టర్లు కట్టుకునే బీమా తక్కువ. ఒకే ఆపరేషన్ రోజూ చేసే సర్జన్‌కి చేయి బాగా తిరిగి ఉంటుంది. కానీ డాక్టరు బీమా తక్కువంటే, మీకు నష్టం జరిగినప్పుడు వచ్చే పరిహారం కూడా తక్కువేనని అర్థం. ధర తగ్గడానికున్న కారణాల్లో అదీ ఒకటి. సంతకం పెట్టే కాగితంలో, వివాదం వస్తే వాళ్ళ దేశపు కోర్టులోనే తేల్చుకోవాలన్న వాక్యం ఉందేమో చూడండి. సాధారణంగా ఉంటుంది.

కొటేషన్ రాగానే కింద ఉన్న మొత్తం చూసి సంబరపడకండి. వార్డులో ఎన్ని రాత్రులు, ఐసీయూలో ఎన్ని? ఆ లెక్క దాటితే రోజుకి ఎంత? లోపల పెట్టే కీలు, స్టెంటు, లెన్సు ఏ కంపెనీవి, ఏ మోడలు? 'ఇంపోర్టెడ్' అని మాత్రమే రాస్తే ఏమీ రాయనట్టే. రక్తం, స్కానులు, బయాప్సీ ఇందులోవేనా, విడిగా కట్టాలా? మత్తు ఇచ్చేది మత్తు డాక్టరేనా, ఆపరేషన్ అయ్యేదాకా ఆయన ఆ గదిలోనే ఉంటారా? మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే ఆ బిల్లు ఎవరిది? ఈ చివరి ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబివ్వని ఆసుపత్రిని అక్కడితో వదిలేయండి. 'తేడా వస్తే మళ్ళీ ఉచితంగా చేస్తాం' అనే మాటలో చాలాసార్లు సర్జన్ ఫీజు ఒక్కటే ఉచితం. థియేటరు, మత్తు, విమానం, బస అన్నీ మీవే.

ఇంకోటి అడగాలి. అక్కడికి వెళ్ళాక, ముందస్తు పరీక్షల్లో ఏదో బయటపడి ఆపరేషన్ కుదరదంటే అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారు? ఇది డబ్బు ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ప్రాణానికి సంబంధించింది. కట్టింది తిరిగి రాదని తెలిసిన రోగి పోయిన నెల వచ్చిన గుండె నొప్పి సంగతి దాచేస్తాడు, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్న సంగతి చెప్పడు. డబ్బు రాబట్టుకోవాల్సిన క్లినిక్ కూడా గుచ్చి గుచ్చి అడగదు. చాలా చెడ్డ ఫలితాలకి పునాది ఆ మౌనంలోనే పడుతుంది.

మామూలు ప్రయాణ బీమా ముందే అనుకుని చేయించుకునే వైద్యానికి వర్తించదు. దాని వల్ల వచ్చే ఇబ్బందులకీ వర్తించదు. వైద్య ప్రయాణానికి విడిగా పాలసీలున్నాయి, వాటినే అడగండి. తేదీ మార్చుకోగలిగే టికెట్, తోడు వచ్చే మనిషి ఖర్చు, ఆసుపత్రికి దగ్గర్లో లిఫ్టున్న బస, అదనంగా కనీసం ఒక వారం, ఇవన్నీ కలిపాక కూడా తేడా గణనీయంగా మిగిలితేనే వెళ్ళడంలో అర్థం ఉంటుంది. చిన్న పనులకి చాలామందికి మిగలదు.

ఏ వైద్యానికి ప్రయాణం సరిపోతుంది, దేనికి సరిపోదు అన్నది అన్నిటికంటే ముందు పళ్ళ దగ్గర తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది వెళ్ళేది వాటికే. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. ఎముక దాని చుట్టూ పట్టుకోవడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. అంటే మామూలుగా రెండు ప్రయాణాలు. 'ఒక్క వారంలో శాశ్వత పళ్ళు' అని అమ్మేవాళ్ళు అదే వారంలో పెట్టేవి చాలాసార్లు తాత్కాలిక పళ్ళు. అసలువి నెలల తర్వాతే పెట్టాలి. ఆ రెండో ప్రయాణం కొటేషన్‌లో ఉందా? ఇంప్లాంట్ కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు తప్పకుండా అడిగి తీసుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం డ్రైవరు కావాలి. రెండేళ్ళకి పైన తొడుగు వదులైతే, ఆ స్టిక్కరు లేనిదే మీ ఊరి పంటి డాక్టరు ఏం చేయగలరు? బిగిస్తే పది నిమిషాల్లో అయిపోయే పనికి తొడుగు కోసి తీయాల్సి వస్తుంది.

నవ్వు బాగుండటం కోసం చేయించుకునే పళ్ళ సంగతి ఇంకా దారుణం. వెనీర్ అంటే పంటి ముందు వైపు సుమారు అర మిల్లీమీటరు గీకి అతికించే పలచని పెంకు. క్రౌన్ అంటే పన్ను చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్లు అరగదీసి, మిగిలిన మొద్దుకి తొడిగే టోపీ. చాలా చోట్ల వెనీర్ అని చెప్పి క్రౌన్ వేస్తున్నారు, ఎందుకంటే వంకర పళ్ళని వారంలో వరసగా చూపించడానికి అదే సులువు. ఆరోగ్యంగా ఉన్న 20 పళ్ళని అలా అరగదీస్తే, వాటిలో కొన్నింటి లోపలి నరం తర్వాత చచ్చిపోతుంది, రూట్ కెనాల్ తప్పదు. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు. పాతికేళ్ళ వయసులో తొడిగించుకున్నవాళ్ళు ఆ తొడుగుల్ని జీవితకాలంలో ఎన్నోసార్లు మార్పించుకోవాలి. 'మిల్లీమీటర్లలో ఎంత తీస్తారు, ఏ పన్నుకి ఎంత' అని ముందే అడగండి. జవాబు రాకపోతే నోరు తెరవకండి.

బరువు తగ్గడానికి పొట్టని గొట్టంలా కుదించే స్లీవ్ ఆపరేషన్‌ది ఇంకో రకం ప్రమాదం. రోగి రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ అవుతాడు. స్టేపుల్స్ వేసిన చోట లీకు మాత్రం తర్వాతి రోజుల్లో, ఒక్కోసారి వారాల తర్వాత, అంటే ఇంటికి చేరాక బయటపడవచ్చు. కడుపు నొప్పి పెద్దగా లేకపోయినా నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకుంటుంటే, జ్వరమో, ఎడమ భుజం నొప్పో తోడైతే, గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా అదే గంటలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. లీకు లేకపోయినా ఇంకో ముప్పుంది. వాంతులు వారాల తరబడి తగ్గకపోతే ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1 అడుగంటుతుంది. అలాంటి మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. నీరసంగా ఉందని మీ వీధి క్లినిక్‌కి వెళ్తే జరిగేది సరిగ్గా అదే, ఆపరేషన్ సంగతి మీరు చెప్పకపోతే. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం. ఏడాదికోసారైనా రక్త పరీక్షలు. ఇవన్నీ చూసే మనిషి ఎవరు?

మిగతావి క్లుప్తంగా. శుక్లాల ఆపరేషన్‌కి ప్రయాణం బాగానే సరిపోతుంది. కీమోథెరపీ చాలావరకు రెండు మూడు వారాలకోసారి నెలల తరబడి సాగేది, దానికి సరిపోదు. అయితే క్యాన్సర్ ఉన్నవాళ్ళు బయాప్సీ స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు) కొరియర్ చేసి వేరే దేశపు నిపుణుల అభిప్రాయం తెప్పించుకోవచ్చు, మనిషి కదలనక్కర్లేదు. ఏ జబ్బుకైనా ఒకటే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అనే చోటికి వెళ్ళకండి. డబ్బిచ్చి కిడ్నీ కొనిపెడతామనే చోటికి అసలే వెళ్ళకండి. అవయవాల వ్యాపారానికి వ్యతిరేకంగా వైద్య నిపుణులు చేసిన 2008 ఇస్తాంబుల్ డిక్లరేషన్ ఖండించింది దీన్నే. అక్కడ అవయవం ఇచ్చే పేదవాడి గతి ఏమవుతుందో ఎవరూ పట్టించుకోరు.

ఇన్‌ఫెక్షన్ విషయంలో భయపెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ జరిగినవి తెలియాలి. 2023లో మెక్సికోలోని మతమోరోస్‌లో సౌందర్య ఆపరేషన్లకి వెన్నులో మత్తు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకి ఫంగస్ వల్ల మెదడు పొరల వాపు వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. మొదట్లో ఉన్నది తలనొప్పే. లక్షణాలు లేకపోయినా వెన్ను నీరు పరీక్ష చేయించుకోమని అమెరికా ఆరోగ్య అధికారులు చెప్పాల్సి వచ్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో పొట్ట కొవ్వు తీయించుకున్న కొందరికి మైకోబాక్టీరియం అబ్సెసస్ పట్టింది. ఇది వారాల తర్వాత మానిన కోత దగ్గరే ఎర్రటి గడ్డలా లేస్తుంది, మామూలు యాంటీబయాటిక్‌కి లొంగదు. మామూలు చీము కల్చర్‌లో, అంటే ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో, దొరక్కపోవచ్చు, ఆ జాతి సూక్ష్మజీవుల కోసం ప్రత్యేకంగా కల్చర్ పెట్టమని చెప్పాలి. మందులు నెలల తరబడి వాడాలి. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం 'ఫలానా దేశంలో, ఫలానా తేదీన, ఫలానా ఆపరేషన్ చేయించుకున్నాను' అని ఉండాలి. సిగ్గుపడి దాచడం వల్ల కోల్పోయే రెండు వారాలే ప్రాణం మీదికి తెస్తాయి.

విమానం గురించి ప్యాకేజీలవాళ్ళు సరిగా చెప్పరు. పెద్ద పొట్ట ఆపరేషన్, ఛాతీ ఆపరేషన్, గుండె బైపాస్ అయితే కనీసం 10 రోజులు ఆగాలి. లోపల మిగిలిన గాలి పైకెళ్ళాక వ్యాకోచించి కుట్ల మీద ఒత్తిడి పెడుతుంది. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ బుడగ పెడితే అది కరిగేదాకా ఎక్కనే కూడదు. గ్యాస్ రకాన్ని బట్టి వారాలు పడుతుంది, ముందే ఎక్కితే చూపు పోవచ్చు. తుంటి, మోకాలు మార్పిడి తర్వాత కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు వారాల పాటు ఉంటుంది, ఆపే మందు 35 రోజుల వరకు కూడా ఇస్తారు. దాని మీద 4 గంటలు దాటిన విమాన ప్రయాణం తోడవుతుంది. 'వచ్చారు కదా, ఇంకో రెండు కూడా కలిపి చేయించుకోండి' అనే డిస్కౌంటు ఈ ముప్పుని పెంచుతుంది, ఎందుకంటే మత్తులో గడిపే గంటలు పెరిగేకొద్దీ గడ్డలూ పెరుగుతాయి. ఆ డిస్కౌంటు ఒప్పుకోకండి.

ఏజెంటుకి ఆసుపత్రి కమిషన్ ఇస్తుంది. అది తప్పని కాదు, కానీ మీకు ఏ ఆసుపత్రి మంచిదో చెప్పే మనిషి మాత్రం ఆయన కాడు. జేసీఐ (ఆసుపత్రుల నాణ్యతని తనిఖీ చేసే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉందంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే పేరు వెతకండి. అది మూడేళ్ళకోసారి తిరిగి తెచ్చుకోవాల్సిన గుర్తింపు, పైగా ఆసుపత్రికే గానీ సర్జన్‌కి కాదు. సర్జన్ రిజిస్ట్రేషన్‌ని ఆ దేశపు వైద్య మండలి జాబితాలో చూడండి. జుట్టు నాటే క్లినిక్కుల్లో గోడ మీద డాక్టరు ఫోటో ఉంటుంది, తల మీద పనిచేసేది టెక్నీషియన్. కోత ఎవరు పెడతారో పేరుతో సహా రాయించుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఉండాల్సినవి డిశ్చార్జ్ సమ్మరీతో ఆగవు. ఆపరేషన్ నోట్ వేరు, మత్తు రికార్డు వేరు, రెండూ కావాలి. ఇంప్లాంట్ స్టిక్కర్లు, కల్చర్ రిపోర్టులు, బయాప్సీ రిపోర్టు, స్కానుల డైకామ్ ఫైళ్ళు (రిపోర్టు కాదు, అసలు చిత్రాలున్న డిజిటల్ ఫైళ్ళు) కావాలి. మందులు బ్రాండ్ పేరుతో కాక జెనెరిక్ పేరుతో రాయించుకోండి, ఆ బ్రాండ్ మీ దేశంలో దొరక్కపోవచ్చు.

ఇక నా కోపం ఎవరి మీదో చెప్తాను. 'అక్కడ చేయించుకున్నారుగా, అక్కడికే వెళ్ళండి' అని చీము కారుతున్న కోతతో వచ్చిన మనిషిని పంపేసే డాక్టర్లున్నారు. బాధ్యత మీద పడుతుందనే భయం అర్థమవుతుంది. కానీ ఆ మనిషి అక్కడికి వెళ్ళింది ఇక్కడ వరస కదలకనే, లేదా ధర అందకనే. ఐరోపా సమాఖ్య 2011లో చేసిన నియమం ప్రకారం, పొరుగు సభ్యదేశంలో వైద్యం చేయించుకున్నవాళ్ళకి సొంత దేశం తన దగ్గర ఇచ్చే మొత్తం మేరకు తిరిగి చెల్లిస్తుంది (కొన్నింటికి ముందస్తు అనుమతి కావాలి). తిరిగొచ్చాక స్వదేశంలో చికిత్స కొనసాగించాలని కూడా అందులోనే ఉంది. మిగతా దేశాల్లో అలాంటి నియమం ఎందుకు లేదని గట్టిగా అడగాలి.

రోగుల్ని రప్పించుకునే దేశాలనీ అడగాలి. ఎంతమంది వచ్చారో, ఎంత విదేశీ మారకం తెచ్చారో ఘనంగా ప్రకటిస్తారు. ఆపరేషన్ ఇన్‌ఫెక్షన్లని 30 రోజుల వరకు, కీళ్ళ మార్పిడి లాంటి వాటిలో 90 రోజుల వరకు లెక్కపెట్టాలన్నది వైద్యంలో ఉన్న పద్ధతే. విదేశీ రోగి మాత్రం విమానం ఎక్కగానే ఆ లెక్కలోంచి జారిపోతాడు. వీసా ఇచ్చేటప్పుడు ఫోన్ నంబరు తీసుకునే ప్రభుత్వం, 90వ రోజున ఆసుపత్రి చేత ఒక ఫోన్ చేయించి, ఆ జవాబుల్ని ఆసుపత్రి పేరుతో సహా ప్రచురించేలా చట్టం చేయవచ్చు. ఆ పట్టిక వచ్చేదాకా, 90 రోజుల్లో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు ఎంతమంది అని ప్రతి ఆసుపత్రినీ మెయిల్‌లో అడగండి. మీ ఊరి డాక్టరు 'తిరిగొచ్చాక నేను చూస్తాను' అనేదాకా అడ్వాన్సు కట్టకండి.