మహారాజరాజశ్రీ ఎర్త్ గారికి

మహారాజరాజశ్రీ ఎర్త్ గారికి, విశాఖపట్నం లాసన్స్ బే కాలనీ నుంచి ఒక పాత జీపు పికప్ యజమాని నమస్కరించి రాయునది.

మీరు క్షేమమని తలచను. మీరు క్షేమంగా ఉంటే నాకీ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

లోకంలో ఒకడు ఇంకొకడి ఉద్యోగం ఊడగొట్టబోతే ‘ఎర్త్ పెట్టాడు’ అంటారు. పాపం, మీ పేరు అలా పాడైందని ఇన్నాళ్లూ జాలిపడ్డాను. మా బండిలో కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి మీరు; అక్కడ మీరు చేసింది అంతకన్నా ఘనం. ఎర్త్ లేకుండా ఎర్త్ పెట్టారు.

మా పికప్ 1968 నాటిది. 50 ఏళ్లు దాటితే వింటేజ్ అని 2021లో కేంద్రం నిబంధన తెచ్చినప్పటి నుంచి దాని పొగ కూడా పొగరుగానే వస్తోంది. అందులో ఇండికేటర్లు లేవు. మలుపు వస్తే నాన్నగారు కిటికీలోంచి చెయ్యి చాపేవారు, అంతే. ఇవాళ హనుమంతవాక జంక్షన్‌లో చెయ్యి చాపితే అది మళ్లీ లోపలికి వస్తుందని నాకు నమ్మకం లేదు. అందుకే వైరింగ్‌కి దిగాను.

బల్బులు 21 వాట్లవి, స్టీరింగ్ కింద స్విచ్, లైటుని ఆర్పి వెలిగించే పాతకాలపు ఫ్లాషర్. అన్నీ బిగించి ఎడమకి వేశాను. వెనక ఎడమ లైటు కొట్టుకోకుండా మసగ్గా వెలిగి ఊరుకుంది. అడగకపోయినా కుడివైపు పార్కింగ్ లైటు కూడా వెలిగింది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ ఆరిపోయింది! ఫ్లాషర్ టిక్కుమనదు, టక్కుమనదు. లోపలి రేకు వేడెక్కి వంగితేనే కదా దానికి చప్పుడు. ముందొకటి, వెనకొకటి బల్బు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగాలి. అరకొర కరెంటుకి అదేం వేడెక్కుతుంది?

మీ మీద అనుమానం రాలేదు, చూశారా. అదీ మీ గొప్ప. ఫ్లాషర్ రెండుసార్లు మార్చాను. బల్బులు మార్చాను. స్విచ్ అమ్మినవాణ్ణి మనసులో తిట్టాను. మూడు ఆదివారాలు పోయాయి. ఇంట్లో నాకు భోజనం షెడ్డులోకే పంపడం మొదలుపెట్టారు.

చివరికి కంచరపాలెం నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మూరెడు వైరు ముక్క తీసి, ఒక కొన బాగా గీకిన చాసిస్ మీద, రెండో కొన బల్బు హోల్డర్ మీద ఆనించాడు. లైటు ఫెళ్లున కొట్టుకుంది.

“ఏటి బాబూ, ఇన్ని మార్చినావు, ఎర్త్ చూసుకోనేదేటి?”

లైటు బిగించిన బోల్టు విప్పితే తుప్పు ఇటుక పొడిలా అరచేతిలో రాలింది. సముద్రం పక్కనే ఇల్లు, ఉప్పుగాలి ఊరుకుంటుందా? దాని మీద పోయినేడు రెండు కోటింగులు పెయింటు వేసిన ఘనుణ్ణి మాత్రం నేనే. బల్బుకి కరెంటు వెళ్లడానికి వైరు వేశాను, తిరిగి బ్యాటరీకి రావడానికి బాడీయే దారి. ఆ దారి రంగుతో మూసేస్తే కరెంటు పక్కింటి పార్కింగ్ లైటు గుమ్మంలోంచి దూరింది.

ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా గీకి, వేరే వైరు లాగి, బోల్టు బిగించి గ్రీజు పూశాం. ఇప్పుడు ఎడమ ఇండికేటర్ దివ్యంగా కొట్టుకుంటోంది. నిన్న బీచ్ రోడ్డులో ఒక ఆటో అతను పక్కకొచ్చి “లైటేదో లూజైంది, చూసుకోండి” అని చెప్పి మరీ వెళ్లాడు.

ఇట్లు,
చాసిస్ కింద వీపు అరిగిన
మీ భవదీయుడు

తా.క.: కుడివైపు వేస్తే మసగ్గా ఉంది. అక్కడున్నది కూడా తమరేనా?