తప్పు లెక్క వెనక పిల్లాడు

మూడో తరగతి నోటు పుస్తకంలో ఒక తీసివేత. 42లోంచి 17 తీస్తే ఎంత? పిల్లాడు 35 అని రాశాడు. టీచరు ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి పక్క లెక్కకు వెళ్లిపోయారు. నిజానికి ఆ పిల్లాడు గుడ్డిగా ఏమీ రాయలేదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని ఎవరో చెప్పిన మాటను బుద్ధిగా పాటించాడు. ఏడులోంచి రెండు పోతే ఐదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వాడికింకా అందలేదు, అంతే. రేపు 61లోంచి 38 తీయమంటే ఇదే లెక్కన 37 అంటాడు. ఆ తప్పులో ఓ వరస ఉందని పసిగట్టాలంటే టీచరుకు లెక్కలు వస్తే చాలదు. పిల్లాడి ఆలోచన ఏ దారిన పోతోందో కూడా తెలియాలి. టీచరు చదువునూ సైకాలజీనీ ఒక్కటిగా నేర్పాలని మేం అనేది అందుకే.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే కథ మొదలైందే ఇలాంటి చోట. వందేళ్ల కిందట పారిస్‌లో బడిపిల్లలకు తార్కిక పరీక్షలు పెట్టే పని ఆయన చేతికొచ్చింది. సరైన జవాబులు లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోయేది. ఆయన మాత్రం తప్పు జవాబుల దగ్గర ఆగిపోయారు. ఒక ఈడు పిల్లలంతా ఒకే రకం తప్పు ఎందుకు చేస్తున్నారో తెలుసుకోవాలని వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించారు. అలాంటి పియాజే మన దగ్గర ఏమయ్యారు? అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో డీఎస్సీ కోచింగ్ హాల్లోకి తొంగిచూడండి. పిల్లల ఆలోచన ఎదుగుదలకు ఆయన చెప్పిన దశలను ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ అంటూ వల్లె వేస్తుంటారు. ఏ దశ ఏ వయసుకు, అదీ బిట్టు. తప్పు జవాబుల వెంట నడిచిన మనిషి చివరికి నాలుగు ఆప్షన్లలో ఒకటిగా మిగిలారు.

టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు) వాటా 30. తక్కువేం కాదు. బీఎడ్, డీఎడ్‌లలోనూ సైకాలజీ పేపర్లున్నాయి. అయినా చదువు ముగిసేసరికి కాబోయే టీచరుకు బాగా గుర్తుండేవి సైకాలజీ ప్రయోగాల్లోని జంతువులే: పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ. ఆ చింపాంజీ అయితే సుల్తాన్ అనే పేరుతో సహా గుర్తుంటుంది. మన బడిలో వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడే ఆ జాబితాలో కనపడడు. బీఎడ్‌ను 2015 నుంచి రెండేళ్లు చేసి, బడిలో గడపాల్సిన వారాలు పెంచారు. మంచిదే. కానీ ఒక విద్యార్థిని దగ్గరగా గమనించి రాయాల్సిన కేస్ స్టడీ రికార్డు, సీనియర్ రికార్డుకు నకలుగా తయారవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యమే.

అవతలి గట్టు పరిస్థితీ అంతే. యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేసేవారి చూపు ఆసుపత్రి మీదో, కంపెనీ హెచ్‌ఆర్ విభాగం మీదో ఉంటుంది. అరవై మంది ఉన్న తరగతి గదిలో నలభై నిమిషాల పీరియడ్ ఎలా గడుస్తుందో, యూనిట్ టెస్ట్ ముందు రోజు హాస్టల్ గదిలో ఎంత టెన్షన్ ఉంటుందో చూసే అవకాశం వాళ్లకు సిలబస్ ఇవ్వదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. రామకృష్ణారావు చొరవతో మొదలైన సైకాలజీ విభాగం ఉంది. విద్యా విభాగమూ ఉంది. ఉన్నది ఒకే ప్రాంగణంలో. రెండింటినీ ఒక్కటిగా చదవాలనుకునే విద్యార్థికి మాత్రం అక్కడే కాదు, తెలుగు నేల మీద ఎక్కడా తేలికైన దారి లేదు.

ఈ లోటు ఇప్పుడు కోర్టు గడప దాకా వెళ్లింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని, వారికి పిల్లల, కౌమార వయస్కుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలని చెప్పింది. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. రెండు రాష్ట్రాల్లో ఉన్న రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలను తలుచుకుంటే చాలు, ఎంతమంది కావాలో తెలుస్తుంది. అంతమంది ఎక్కడున్నారు? మనిషి దొరక్కపోతే యాజమాన్యాలు ఏం చేస్తాయో ఊహించడానికి సైకాలజీ చదవక్కర్లేదు. వార్డెన్ గది తలుపు మీద 'కౌన్సెలర్' అని ఇంకో బోర్డు వేలాడుతుంది.

ఇదే సమయంలో ఇంకో తలుపు మూతపడింది. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆదేశించింది. మనసుతో వ్యవహరించే చదువును పోస్టులో వచ్చే మెటీరియల్‌తో ముగించకూడదన్న ఆలోచనను మేం కాదనం. అయితే ఉద్యోగం చేసుకుంటూ సైకాలజీ పీజీ చేద్దామనుకునే టీచర్లకు అదొక్కటే అందుబాటులో ఉన్న దారి. దాన్ని మూసినప్పుడు రెగ్యులర్ విధానంలో సాయంత్రం తరగతులో, వేసవి తరగతులో తెరవాలి కదా! ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. తరగతి వేళలు ఒకదాని మీద ఒకటి పడకూడదన్నది షరతు. రెండు విభాగాధిపతులు కూర్చుని టైంటేబుల్ మాట్లాడుకోనంత కాలం ఆ అనుమతి కాగితం మీదే ఉంటుంది.

రెండు చదువులనూ కలపడం దేశంలో ఎవరూ చేయని పనేం కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో మొదలుపెట్టిన, ప్రాథమిక బడి టీచర్లను తయారుచేసే నాలుగేళ్ల బీఎల్‌ఎడ్‌లో శిశు వికాసం ఒక పేపరుగా వచ్చిపోయేది కాదు, కోర్సు పొడుగునా అల్లుకుని ఉండేది. పిల్లలను గమనించడం, ఆ గమనికల మీద తరగతిలో వాదించుకోవడం, తమ బాల్యం గురించి తాము ఆలోచించుకోవడం, ఇవన్నీ అందులో భాగం. దాని స్థానంలో ఇప్పుడు జాతీయ విద్యావిధానం తెచ్చిన సమీకృత టీచర్ విద్యా కోర్సు ఐటెప్ వస్తోంది. వరంగల్ నిట్‌లోనూ ఆ కోర్సు నడుస్తోంది. డిగ్రీ, బీఎడ్ నాలుగేళ్లలో కలిసిరావడం విద్యార్థికి ఏడాది ఆదా. మంచి కోర్సును తీసేసి కొత్తది పెట్టడం ఎందుకన్న ఢిల్లీ అధ్యాపకుల ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

ఒక జాగ్రత్త చెప్పాలి. సైకాలజీ, ఎడ్యుకేషన్ రెండూ చదివిన టీచరు డాక్టరు కాదు. ఒత్తులు వదిలేసి 'పుస్తకం'ను 'పుసకం' అని రాసే ప్రతి పిల్లాడికీ డిస్లెక్సియా (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది) అని చీటీ అంటించేస్తే, 'మొద్దు' అనే పాత తిట్టుకు ఇంగ్లిష్ పేరు పెట్టినట్టే అవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో ఇబ్బందులను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. వాటిని నిర్ధారించడానికి నిపుణులున్నారు. సికింద్రాబాద్‌లోనే జాతీయ స్థాయి సంస్థ ఉంది. టీచరు చేయాల్సింది ముందుగా గమనించడం, తల్లిదండ్రులకు భయపెట్టకుండా చెప్పడం, సరైన చోటుకు పంపడం. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఆ చదువులో భాగమే కావాలి.

ఉన్నత విద్యామండళ్లు రెండూ వచ్చే విద్యా సంవత్సరానికి కనీసం ఒక్కో విశ్వవిద్యాలయంలో సైకాలజీ, ఎడ్యుకేషన్ ఉమ్మడి కోర్సు మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. సీట్లు ముప్పై అయినా ఫరవాలేదు. వారంలో రెండు రోజులు ప్రభుత్వ బడిలో గడపడం తప్పనిసరి చేయాలి. అక్కడ రాసే కేస్ రికార్డును నకలు కొట్టడానికి వీల్లేకుండా నోటితో అడిగి మార్కులు వేయాలి.

అసలు చిక్కు కోర్సు దగ్గర లేదు, కొలువు దగ్గర ఉంది. 2024లో తెలంగాణ 11,062 టీచర్ పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు డీఎస్సీ నిర్వహించాయి. వాటిలో స్కూల్ కౌన్సెలర్ అనే పోస్టు లేదు. ఉద్యోగం లేని చదువులో పిల్లలను చేర్చమని ఏ తల్లిదండ్రులకు చెప్పగలం? మండలానికి ఒకరు చొప్పున రెగ్యులర్ పోస్టులు మంజూరు చేసి, ఉమ్మడి కోర్సు చదివినవారికి అందులో ప్రాధాన్యం ఇస్తామని రెండు ప్రభుత్వాలూ జీవో ఇస్తే, ఆ ముప్పై సీట్లకు పోటీ దానంతటదే వస్తుంది. ఆర్థికశాఖ ఫైలు వెనక్కి పంపుతుందన్నది మాకూ తెలుసు. సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రతిని ఆ ఫైలుకు జతచేసి మళ్లీ పంపాలి.