ఏ తప్పుల మీద మీకు ఓపిక ఉంది?

వెబ్ డెవలప్‌మెంట్‌లోకి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ సాధనాల్లో ఏది నేర్చుకోవాలి, రియాక్టా, యాంగ్యులరా అని. ఆ ప్రశ్న తర్వాతైనా అడగొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఫ్రంటెండా (వాడేవాళ్లకు బ్రౌజర్‌లో కనిపించే భాగం), బ్యాకెండా (వెనక సర్వర్, డేటాబేస్‌లలో నడిచే భాగం) అన్నది. 2010లో వచ్చిన, యాంగ్యులర్‌కు తొలి రూపమైన యాంగ్యులర్‌జేఎస్‌కు గూగుల్ 2021 చివరితో సపోర్ట్ ఆపేసింది. అదొక్కటే తెలిసినవాళ్లకు చదువు మళ్లీ మొదలైనట్టే. బ్రౌజర్, జావాస్క్రిప్ట్ లోతుగా తెలిసినవాళ్లకు కొత్త పద్ధతి అలవాటైతే చాలు.

ఫ్రంటెండ్, బ్యాకెండ్‌ల అసలు తేడా రోజూ ఎదురయ్యే తప్పుల స్వభావంలో ఉంది. ఫ్రంటెండ్ తప్పు కంటికి కనిపించేదే, కానీ మీ కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు. ఎత్తు, వెడల్పు చెప్పకుండా పెట్టిన బొమ్మ ఆలస్యంగా లోడై కింది బటన్‌ను తోసేస్తుంది, నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది. గూగుల్ లెక్కలో ఈ కదలిక స్కోరు 0.1 దాటకూడదు. పేజీలో అతిపెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి.

బ్యాకెండ్ తప్పు చప్పుడు చేయదు. 100 ఆర్డర్లు తెచ్చి, ఒక్కోదానికి కస్టమర్ పేరు విడిగా అడిగితే 101 క్వెరీలు, అంటే డేటాబేస్‌కు 101 ప్రశ్నలు. పది వరుసల టెస్ట్ డేటాతో అది బయటపడదు, అసలు డేటా చేరాక పేజీ నత్తనడక పడుతుంది. రెండు టేబుళ్లను కలిపి ఒకేసారి అడిగే ఒక్క జాయిన్‌తో తీరే పని ఇది. డబ్బు దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. నెట్‌వర్క్ తెగి అదే రిక్వెస్ట్ రెండోసారి వచ్చినా చెల్లింపు ఒక్కసారే జరగాలి. ‘ముందే ఉందా’ అని చూసి తర్వాత రాయడం చాలదు. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండింటికీ ‘లేదు’ అనే జవాబే వస్తుంది. ప్రతి చెల్లింపుకూ ఒక కీ (దానికే చెందిన గుర్తు) ఇచ్చి, ఆ కాలమ్‌కు డేటాబేస్‌లోనే యునీక్ నిబంధన, అంటే అదే విలువ రెండోసారి చేరకుండా ఆపే నియమం, పెట్టాలి.

ఏ వైపో తేల్చుకోవడానికి లాగిన్, ఒక ఫారం, మూడు టేబుళ్లున్న చిన్న అప్లికేషన్‌ను చివరిదాకా కట్టి సర్వర్‌లో పెట్టండి. ఆ సర్వర్ పనే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తే అప్లికేషన్లను సర్వర్లలో పెట్టి నడిపే డెవాప్స్ అనే మూడో దారి ఉంది. తర్వాత అప్లికేషన్‌ను కావాలనే ఇబ్బంది పెట్టండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించండి. మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే ఫారం నింపండి. టేబుల్‌లో 10 లక్షల వరుసలు పోసి, క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌తో, అది ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) వాడుతోందో లేదో చూడండి. సబ్మిట్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కండి. వీటిలో ఏది సరిచేస్తుంటే విసుగు రాలేదో గమనించండి, కనీసం ఏడాది అటే ఉండండి. ఏ వైపు వెళ్లినా, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతైన హెచ్‌టీటీపీని మాత్రం దాటేయొద్దు. కుకీ (సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారం) ఎందుకు చేరలేదో, పాత ఫైల్ క్యాష్‌లోంచి (ముందే దాచిపెట్టిన కాపీలోంచి) ఎందుకు వస్తోందో తెలియనివాళ్లు రెండు వైపులా గంటలకొద్దీ తప్పు చోట వెతుకుతుంటారు.