అటకెక్కిన అమరత్వం

తొడగని బూటు అరగదు, అరగనిది కలకాలం ఉంటుంది: విశాఖపట్నంలో తోలు బూట్లు కొనే పెద్దమనుషుల సిద్ధాంతం ఇది. ఏడాది పొడుగునా సముద్రపు తేమ గోడలకే పట్టే ఊళ్లో, బూట్లను పాలిథిన్ కవరులో చుట్టి, ముడివేసి, అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించడాన్ని వారు భద్రపరచడం అంటారు. బూజుకు అది విడిది ఏర్పాటు.

మా తోడల్లుడు ఈ విద్యలో ఆరితేరినవాడు. ఆరేళ్ల క్రితం 6,000 రూపాయలు పోసి కొన్న నల్ల బూట్లను ఒక్కసారి తొడిగి, 'మంచి సందర్భానికి ఉంటాయి' అని దాచాడు. మొన్న ఎం.వి.పి. కాలనీలోని కల్యాణమండపంలో కూతురి రిసెప్షన్ రూపంలో ఆ సందర్భం రానే వచ్చింది. తెల్లటి బూజును తడిగుడ్డతో తుడిచి, స్పాంజి సీసాలోని ద్రవం పులిమేసరికి బూట్లు పెళ్లికొడుకు కన్నా మెరిశాయి. వియ్యంకుడికి ఎదురేగి నాలుగడుగులు వేశాడో లేదో, ఎర్ర తివాచీ మీద నల్లటి నలుసులు రాలసాగాయి. ఎడమ సోలు మడమ దగ్గర ఊడి, టపటపమంటూ ఆయనను అనుసరించింది. వేదిక మెట్ల దగ్గర కుడిది సున్నుండలా పొడైంది. వియ్యపురాలికి నమస్కరించే సమయానికి పాదాల కింద మిగిలింది పలచని అట్ట. ఒక పిల్లవాడు ఆ ముక్కలన్నీ ప్లేటులో ఏరుకొచ్చి, నలుగురిలో, "తాతయ్యా, ఇవి మీవేనా?" అని అప్పగించాడు.

పాలియురిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోలు గాలిలోని తేమకే లోలోపల విడిపోతుంది; పెట్టె మూత దాన్ని ఆపలేదు. తోలు సంగతి వేరు. ఒకరోజు తొడిగితే మర్నాడు ఆరనివ్వాలి. తడిస్తే పాత పేపరు ఉండచుట్టి లోపల కుక్కి నీడన ఉంచాలి. పొయ్యి పక్కన పెడితే అప్పడమవుతుంది. అప్పుడప్పుడు దుమ్ము దులిపి, క్రీము పట్టించి, మైనం పాలిష్ వేసి బ్రష్‌తో రుద్దాలి. అంతే. స్పాంజి ద్రవం పోషణ కాదు, పైపూత. నడకలో మడతపడే చోటల్లా అది పగులుతుంది. తూర్పు నౌకాదళం కేంద్రమున్న ఊళ్లో బూటు తోమడం ఒకరు నేర్పాలా?

మర్నాడు ఇద్దరం జగదాంబ కూడలి దగ్గర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన వద్దకు వెళ్లాం. ఆయన బొటనవేలితో పైతోలు నొక్కి చూసి, "తోలు గట్టిగానే ఉంది బాబూ, రబ్బరు సోలు వేసి కుడతాను, 700 అవుతుంది" అన్నాడు. రిసెప్షన్‌లో ఐస్‌క్రీమ్ కౌంటరుకే వేలు ధారపోసిన మనిషి 400కు బేరమాడాడు. బూట్లను చేత్తో అందించక కాలితో ముందుకు తోశాడు. ఇక్కడ నాకు వ్యంగ్యం చాలడం లేదు. తమ మురికిని ఒళ్లో పెట్టుకుని తుడిచే మనిషిని 'ఒరేయ్' అని పిలిచే నోళ్లకు, ఆ చేతిని తాకితే మైలపడతామనుకునే వేళ్లకు, ఏ తోలు బూటూ తొడుక్కునే అర్హత లేదు. అది ఏ చేతుల్లో తయారైందని వీళ్ల ఉద్దేశం?

వారం తర్వాత బూట్లు కొత్తవాటిలా వచ్చాయి. తోడల్లుడు నోట్లను పెట్టె మీదకు విసిరాడు. సముద్రపు గాలికి ఒక నోటు ఎగిరి కాలువ అంచున పడింది. వంగితే కొత్త సోలుకు బురద అంటుతుందని తోడల్లుడు కదల్లేదు. ఆ పెద్దాయనే మోకాళ్లు పట్టుకుని లేచాడు.