చెప్పుల లైను చాలు, గోడ మీద నంబరు పెట్టండి

2025 వానాకాలంలో యూరియా ఎరువు కోసం సహకార సొసైటీల ముందు ఏం జరిగిందో మళ్లీ చెప్పనక్కర్లేదు, అందరం చూశాం. నిలబడే ఓపిక లేక మనుషులు తమ చెప్పులను వరుసలో పెట్టారు. కొన్నిచోట్ల చెప్పులకు బదులు పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు పెట్టారు. అంతకుముందు 2020లో మిర్యాలగూడ వైపు సన్నవడ్లు మిల్లుకు తోలడానికి టోకెన్ల కోసం రైతులు లైన్లు కట్టారు. సరఫరా ఎందుకు తగ్గింది, తప్పు ఢిల్లీదా హైదరాబాద్‌దా అనే గొడవ టీవీల్లో కావలసినంత నడిచింది కాబట్టి దాని జోలికి పోను. నాకు మాత్రం మనసు ఆ చెప్పుల దగ్గరే ఆగిపోయింది. ఆఫీసు టోకెన్ ఇవ్వకపోతే జనమే టోకెన్ తయారు చేసుకున్నారు. మన జనానికి లైన్లో నిలబడే పద్ధతి తెలియదని ఎవరైనా అంటే ఆ ఫొటో చూపించాలి. పద్ధతి జనం దగ్గర ఎప్పుడూ ఉంది, లేనిది కౌంటర్ అవతలే.

నేను అడిగేది చాలా చిన్నది. మహబూబ్‌నగర్, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, సూర్యాపేట, ఎక్కడైనా సరే, జనం లైన్ కట్టే ప్రతి కౌంటర్ దగ్గర ఒక వైర్‌లెస్ బటన్, గోడ మీద ఒక నంబర్ బోర్డు, దాని పక్కన తెలుగులో పిలిచే ఒక స్పీకర్ పెట్టాలి. యాప్ కాదు, ఓటీపీ కాదు, క్యూఆర్ కోడ్ కాదు. బటన్, బోర్డు, గొంతు. అంతే.

మా అమ్మకు కళ్లు చూపించడానికి జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. పొద్దున ఎనిమిదిన్నరకు చీటీ రాయిస్తే 45 నంబరు వచ్చింది. చీటీ మీద నంబరు ఉంది కానీ లోపల ఎంత నంబరు నడుస్తోందో ఎవరికీ తెలియదు. తలుపు సందులోంచి కంపౌండర్ తల బయటపెట్టి ఒక పేరు పిలుస్తాడు, ఫ్యాన్ల చప్పుడులో, పిల్లల ఏడుపులో ఆ పేరు సగమే వినపడుతుంది, "యాదమ్మ" అంటే ముగ్గురు లేస్తారు. మా అమ్మ ప్రతి ఐదు నిమిషాలకు లేచి అడిగింది. "జర కూసో అవ్వా, పిలుస్తం గద" అన్నాడు. ఆయన తప్పని కూడా అనను, పొద్దటి నుంచి వంద మందికి అదే మాట చెప్తున్నాడు. అమ్మ పక్కన కూర్చున్న ఆడమనిషి చేతిలో నీళ్ల సీసా నిండుగా ఉంది, మూత తీయలేదు. తాగమ్మా అంటే, "తాగితే బాత్రూంకు పోవాలె, పోతే పేరు పిలుస్తరు, మళ్ల ఎనుకకు పడ్తం" అంది. మే నెల ఎండలో నాలుగు గంటలు నోరు తడుపుకోకుండా కూర్చోబెట్టింది రోగం కాదు, నంబరు కనపడకపోవడం.

ఇప్పుడు లెక్క వేద్దాం. డాక్టర్ ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు తీసుకుంటే 45 నంబరు ముందు 44 మంది, అంటే 176 నిమిషాలు, దాదాపు మూడు గంటలు. బోర్డు పెట్టినా ఆ మూడు గంటలు తగ్గవు, డాక్టర్ ఒక్కరే కదా. కానీ బోర్డు మీద 12 కనపడితే మధ్యలో 32 మంది ఉన్నారు, ఇంకో రెండు గంటలకు పైనే అని చదువు రాని మనిషి కూడా వేలు మడిచి లెక్క కడుతుంది. బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకుంటుంది, చెట్టు కింద నడుం వాలుస్తుంది, ఛాయ్ తాగుతుంది. నీళ్లు తాగుతుంది. మూడు గంటలు అవే, కానీ అవి ఆమె చేతికి తిరిగి వస్తాయి.

ఈ పరికరం ఎంత సాదాసీదాదో దగ్గరుండి చూశాను. నాకు తమ్ముడి వరసయ్యే ఒకాయన మిర్యాలగూడలో సీసీ కెమెరాలు బిగిస్తాడు, ఈమధ్య ఇవీ పెడుతున్నాడు. ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో బిగిస్తుంటే వెంట పోయాను. గోడలు చెక్కేది లేదు, వైర్లు లాగేది లేదు, అద్దె ఇంటి ఓనర్‌తో పంచాయితీ లేదు. బోర్డుకు ఒక కరెంటు ప్లగ్గు, టేబుల్ మీద అరచేతిలో పట్టే బటన్, దానిలో రూపాయి బిళ్లంత బ్యాటరీ. బోర్డు వెనక చిన్న మీట నొక్కితే దీపం మినుకుమంది, కౌంటర్ బటన్ ఒకసారి నొక్కాడు, దీపం ఆగింది, రెండింటికీ జత కుదిరింది. ఇంటి కాలింగ్ బెల్లు, గేటు రిమోట్లు నడిచే 433 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీదే ఇవీ నడుస్తాయి, ఇంత తక్కువ పవర్‌కు లైసెన్స్ అక్కర్లేదు, ఇంటర్నెట్టూ సిమ్మూ అక్కర్లేదు.

కానీ బిగించడంలో తెలివి కావాలి, ఇక్కడే చాలామంది చేతులు కాల్చుకుని "ఇవి పని చేయవు" అని మూలన పడేస్తారు. మావాడు ముందు బోర్డును ఇనుప బీరువా మీద పెట్టాడు, సిగ్నల్ సరిగా అందలేదు. గోడకు ఎత్తులో కొట్టి, వెనక చుట్ట చుట్టి ఉన్న జానెడు కన్నా చిన్న ఏంటెన్నా తీగను నిటారుగా వేలాడదీస్తే వెనక గదిలోంచి కూడా అందింది. రెండు కౌంటర్ల వాళ్లు ఒకే క్షణంలో నొక్కితే ఒక నొక్కు పోవచ్చు, బటన్ పంపుతుందే కానీ అందిందో లేదో దానికి తిరిగి కబురు రాదు, అందుకే బోర్డు కౌంటర్‌లో కూర్చున్న మనిషికి కూడా కనపడాలి. తొందరలో రెండుసార్లు నొక్కితే ఒక రోగి నంబరు ఎగిరిపోతుంది కాబట్టి వెనక్కి జరిపే మీట తప్పనిసరి. పిలిచినప్పుడు లేని మనిషిని మళ్లీ పిలిచే మీట కూడా. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు పోయి వస్తే బోర్డు సున్నాకు పోకూడదు, ఆగిన నంబరు దగ్గరే లేవాలి. కొనేటప్పుడు షాపులోనే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూసుకోవాలి.

బటన్ అసలు గొప్పతనం కౌంటర్లు రెండు మూడు ఉన్నచోట తెలుస్తుంది. మూడు కౌంటర్లకు మూడు లైన్లు కడితే మన లైనే ఎప్పుడూ ఆగుతుంది, ముందున్న మనిషి దగ్గర ఒక కాగితం తక్కువ ఉంటే వెనకాల ఇరవై మంది ఇరుక్కుపోతారు. ఒకే వరుస నంబర్లు ఇచ్చి, ఏ కౌంటర్ ఖాళీ అయితే అది బటన్ నొక్కి తర్వాతి నంబరును పిలిచేలా పెడితే ఆ ఇరుకు అందరి మీదా సమానంగా పడుతుంది, వెనక వచ్చినవాడు ముందు పోయే ప్రశ్నే రాదు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఇంజనీరు 1909లోనే ఫోన్ కాల్స్ ఎలా వచ్చి పడతాయో లెక్క కట్టాడు, క్యూల శాస్త్రం అక్కడి నుంచే పెరిగింది. నూరేళ్లు దాటిన లెక్క మన మండల ఆఫీసు గుమ్మం దాటకపోవడానికి టెక్నాలజీ కొరత కారణం కాదు.

యూరియా దగ్గర ఇంకో అడుగు వేయొచ్చు. బస్తా 45 కిలోలు. పది టన్నుల లారీ దిగితే 222 బస్తాలు. మనిషికి రెండు అంటే 111 మందికి వస్తుంది, అక్కడితో అయిపోతుంది. ఈ భాగహారం లారీ తాడు విప్పకముందే చేయొచ్చు కదా! 112వ మనిషికి పొద్దున ఏడింటికే "ఈ రోజు నీకు లేదు, రేపటి లారీలో నీది మొదటి నంబరు" అని చెప్పే వీలుంటే, ఆయన మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి ఖాళీ చేతులతో ఎందుకు పోతాడు? తోపులాట ఎందుకు జరుగుతుంది? తోపులాటకు సగం కారణం సరుకు తక్కువ కావడమైతే మిగతా సగం నా దాకా వస్తుందో రాదో తెలియకపోవడం. నడుస్తున్న నంబరు, మిగిలిన బస్తాలు, ఈ రెండూ బోర్డు మీద ఉంటే పోలీసులను పెట్టే అవసరం చాలాచోట్ల ఉండదు.

యాప్ ఉంటే చాలదా అంటారు. ఆసుపత్రుల్లో 2022 నుంచే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకునే పద్ధతి వచ్చింది, మంచిదే, ఫోన్ ఉన్నవాళ్లు వాడుకోవాలి. కానీ ఫోన్‌లో ఉన్న నంబరు ఆ ఒక్క మనిషికే కనపడుతుంది, గోడ మీది నంబరు అందరికీ కనపడుతుంది, నా వాదనంతా ఈ తేడా మీదే. ముసలివాళ్లు బోర్డు చదవలేరనే మాట కూడా విన్నాను. నోట్ల మీద అంకెలు చదవగలిగిన మనిషి నంబరు చదవగలదు, చూపు ఆననివాళ్ల కోసమే గొంతు, "ఫార్టీ ఫైవ్" అని కాకుండా "నలభై ఐదు" అని, పాలమూరు లాంటి చోట ఉర్దూలో కూడా. సిబ్బంది తక్కువ కావడమే అసలు రోగం అనేవాళ్ల మాట నిజం, నేను కాదనను. కానీ ఆ కొరతను కాగితం మీద రుజువు చేసేది ఈ బటనే.

ఎందుకంటే గోడ మీద నంబరు పెట్టడం అంటే కౌంటర్ అవతలి పనిని జనం కళ్ల ముందు పెట్టడం. 17 నుంచి 18కి మారడానికి ఇరవై నిమిషాలు పట్టి, ఆలోపు పక్క తలుపులోంచి ముగ్గురు తెల్లచొక్కాలవాళ్లు లోపలికి పోయి వచ్చారంటే హాల్లో ఉన్న అరవై మందికీ విషయం అర్థమవుతుంది. ఇప్పుడు పైరవీ చీకట్లో జరుగుతోంది, ఎవరు ఎవరిని దాటిపోయారో ఎవరికీ తెలియదు, అందుకే ఎవరూ అడగరు. గర్భిణులకు, వికలాంగులకు, నడవలేని ముసలివాళ్లకు ముందు పంపాలంటే వాళ్లకు వేరే వరుస నంబర్లు ఇచ్చి అది కూడా బోర్డు మీద చూపించాలి, ఎవరూ నోరెత్తరు. దొడ్డిదారి ఒక్కటే బోర్డు మీద చూపించలేనిది.

పల్లె నుంచి వచ్చిన మనిషి సమయానికి మన ఆఫీసుల్లో ధర లేదు. ఆ మాట ఎవరూ నోటితో అనరు, కానీ కూర్చోబెట్టే తీరు అదే చెప్తుంది. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. 45 మంది తలా సగం రోజు పోగొట్టుకుంటే 6,900 రూపాయలకు పైనే, ఒక్క గది ముందు, ఒక్క పూటలో. ఒక కౌంటర్‌కు సరిపడే మామూలు బటన్, బోర్డు దాదాపు అంతకే దొరుకుతాయి. కానీ ఆ 6,900 ఏ ఆఫీసు పద్దులోనూ ఖర్చుగా రాయరు, బోర్డు కొంటే మాత్రం మూడు కొటేషన్లు అడుగుతారు. అచ్చంపేట అవతల ఊరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి కలెక్టరేట్‌కు వచ్చిన మనిషి బస్సు ఖర్చు, కూలి, ఇంట్లో వదిలేసి వచ్చిన బర్రెలు, పిల్లలు, ఇవన్నీ ప్రభుత్వానికి ఉచితంగా దొరుకుతున్నాయి. ఉచితంగా దొరికేదాన్ని ఎవరు పొదుపు చేస్తారు?

అందుకే ఇంకొకటి కూడా అడుగుతున్నాను. కొంచెం ఎక్కువ పెడితే ఏ నంబరు ఏ నిమిషానికి పిలిచారో గుర్తుపెట్టుకునే బోర్డులు వస్తాయి, ప్రభుత్వ ఆఫీసుల్లో అవే పెట్టాలి. ఆ రోజు మొదటి నొక్కు ఎన్ని గంటలకు పడింది, చివరి నొక్కు ఎన్నింటికి, పిలవకుండా మిగిలిపోయిన నంబర్లు ఎన్ని, ఈ మూడు అంకెలు సాయంత్రం నోటీసు బోర్డుకు అంటించాలి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురుచూసే పని లేకుండా. పదిన్నరకు తెరవాల్సిన కౌంటర్‌లో మొదటి నొక్కు పదకొండు నలభైకి పడితే అది కూడా ఆ కాగితం మీద ఉంటుంది. అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా రోజూ ముప్పై నంబర్లు మిగిలిపోతుంటే, అక్కడ ఇంకో మనిషిని వేయాలని అడగడానికి ఆ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికే అంతకన్నా మంచి కాగితం దొరకదు.

వచ్చే వానాకాలం మొదటి యూరియా లారీ దిగేలోపు ప్రతి సొసైటీ గోడకు ఒక బోర్డు బిగించడం పెద్ద పని కాదు, బోర్డుకు అరపూట చాలు, మా తమ్ముడిలాంటి పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. స్పీకర్‌ను మాత్రం లోపలికి కాకుండా బయటికి తిప్పి పెట్టండి, చెట్టు కింద కూర్చున్నవాళ్లకు వినపడాలి.