‘బీఏ చదివితే ఇంటికే’ అంటున్నవారికి

గుంటూరులో ఆర్ట్స్ పాఠాలు చెప్పుకునే నాబోటివాళ్లకు ఏటా పరీక్షల ముందు ఈ సందేశం ఏదో ఒక రూపంలో చేరుతుంది. ఈసారి ఆఖరి సెమిస్టరు విద్యార్థిని ఒకామె ఫోను నా ముందు పెట్టి, “ఇది నిజమేనా సార్?” అని అడిగింది. పంపినది వాళ్ల బాబాయి. ఆయనకు ఎవరు పంపారో ఆయనకే గుర్తు లేదట. సందేశం సారాంశం ఇది: బీఏ వాళ్లకు అర్హత ఉన్న ఉద్యోగాలే లేవు, వాళ్ల కాలేజీలకు కంపెనీలు రావు, వాళ్లకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఆఖరి ఏడాదిలో ఉన్నా సరే, చదువు మానేసి కంప్యూటర్ కోర్సులో చేరడమే తెలివైన పని. అడుగున ఫీజులో రాయితీ అని ఒక ఫోను నంబరు. ఆ నంబరు సంగతి చివర్లో చెబుతాను.

అర్హత ఉన్న ఉద్యోగాలే లేవన్నది పచ్చి అబద్ధం. సివిల్స్, గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకుల్లో పీవో, క్లర్కు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్‌ పరీక్షలో చాలా పోస్టులు, రైల్వే సాంకేతికేతర ఉద్యోగాల పరీక్ష ఎన్‌టీపీసీలో డిగ్రీ స్థాయి పోస్టులు, వీటికి అడిగేది ఏదైనా ఒక డిగ్రీ. పైగా 2023 డిసెంబరు గ్రూప్-2 నోటిఫికేషన్ సిలబస్ తీసి చూడండి. మెయిన్స్ 300 మార్కులకు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక, సాంస్కృతిక చరిత్రకు 75, రాజ్యాంగానికి 75, ఆర్థిక వ్యవస్థకు 75, సైన్స్ అండ్ టెక్నాలజీకి 75. అంటే 300లో 225 మార్కులు మన పాత హెచ్‌ఈపీయే, చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన బీఏ గ్రూపే. బ్రాడీపేట, అరండల్‌పేట కోచింగ్ సెంటర్లలో ముందు వరుసలో కూర్చుని శాతవాహనుల రాజధానులు బట్టీ పడుతున్న బీటెక్ కుర్రాళ్లను అడగండి, ఎవరి సబ్జెక్టు ఎవరు చదువుతున్నారో చెబుతారు. (2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చాక హెచ్‌ఈపీ అన్న జట్టు విడిపోయింది. ఒకటి మేజరు, ఇంకొకటి మైనరు. మూడోది ఎవరికి వారే చదువుకోవాలి. ఈ నష్టం గురించి సందేశం రాసినవారికి తెలిసినట్టు లేదు.)

అయితే నేను ఇక్కడే ఆగిపోతే నాదీ సగం నిజమే అవుతుంది. ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఉన్న పోస్టులు 897. దరఖాస్తులు 4 లక్షలు దాటాయి. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో జరిగితే మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగింది. నడుమ ఏడాది. టీచరు ఉద్యోగాల కథ ఇంకా పొడుగు. 2018 డీఎస్సీ తర్వాత, 2024లో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. చివరికి 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది. బీఈడీ 2015 నుంచి రెండేళ్ల కోర్సు అయింది. దాని తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియని డీఎస్సీ. మా ఆర్ట్స్ పిల్లల అసలు కష్టం ఇదీ. తలుపు తెరిచే ఉంది, వరుస పొడుగ్గా ఉంది, ఆ వరుసలో నిలబడినంత కాలం అన్నం ఎవరు పెడతారన్నది తేలడం లేదు. తండ్రి మిర్చి యార్డులో హమాలీ అయిన అబ్బాయి రెండేళ్లు హాస్టలు అద్దె కట్టుకుంటూ కూర్చోలేడు. ఇంట్లో పెళ్లి మాటలు మొదలైన అమ్మాయికి ఆ రెండేళ్లు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు. సందేశం రాసినవారు ఈ గడ్డుకాలం గురించి రాసి ఉంటే నేనే నలుగురికి పంపేవాణ్ని. అర్హతే లేదని రాశారు.

కంపెనీలు రావన్న మాటకు వద్దాం. పేరున్న అటానమస్ కాలేజీలను మినహాయిస్తే ఇది చాలావరకు నిజమే, ఒప్పుకుంటాను. తెనాలిలోనో గుడివాడలోనో చిన్న డిగ్రీ కాలేజీ గేటు దగ్గర ఏ హెచ్‌ఆర్ కారూ ఆగదు. కానీ కంపెనీ కాలేజీకి రాకపోవడం వేరు, కంపెనీ బీఏ వాళ్లను తీసుకోకపోవడం వేరు. కాల్ సెంటర్లు, ప్రైవేటు బ్యాంకుల కౌంటర్లు, బీమా, రిటైల్ దుకాణాల సూపర్‌వైజర్లు, ఆసుపత్రుల రిసెప్షన్లు, ఇక్కడ గ్రూపు ఏమిటని అడిగేవారు తక్కువ. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థి కూర్చున్న చోటికి ఉద్యోగం వస్తుంది, మన విద్యార్థి ఉద్యోగం ఉన్న చోటికి బస్సెక్కి వెళ్లాలి. అన్యాయమే. అయినా ముందు బస్సెక్కాలి. ఒక హెచ్చరిక మాత్రం: ఉద్యోగం ఇస్తామంటూ ముందుగా డిపాజిట్ అడిగినవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంగ్లీషు విషయం. 2021-22లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంటరు దాకా తెలుగులో చదివిన పిల్లలు ఇప్పుడు ఇంగ్లీషు నోట్సు బట్టీ పట్టి పరీక్ష రాస్తున్నారు. మాట్లాడమంటే గొంతు పెగలదు. నిజమే, కానీ ఈ జబ్బు బీఏకు ప్రత్యేకం కాదు. పక్క బ్లాకులో బీఎస్సీ వాళ్లదీ ఇదే గోడు. పైగా మన రెండో భాష, తెలుగు సంగతి ఎవరూ ఎత్తరు. విజయవాడ దశాబ్దాలుగా తెలుగు అచ్చు పరిశ్రమకు ఇల్లు. ఆకాశవాణి కేంద్రం అక్కడ 1948 డిసెంబరు 1 నుంచి నడుస్తోంది. తప్పు లేకుండా తెలుగు రాసి, పాత డీటీపీ అక్షరాల (అను ఫాంట్ల) ఫైలును ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదివే యూనికోడ్‌లోకి మార్చాక మిగిలిన తప్పు అక్షరాలను ఏరి, ఇంగ్లీషు పత్రాన్ని చదవదగ్గ తెలుగులోకి తేగల మనిషి కోసం డీటీపీ సెంటర్లవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. జీతం గొప్పగా ఉండదు. వరుసలో నిలబడ్డ ఆ రెండేళ్లలో హాస్టలు అద్దెకు సరిపోతుంది. నాకు తెలిసిన ఇద్దరు అలాగే నెట్టుకొచ్చారు.

ఇక ఆఖరి సలహా. దీనికే నాకు ఒళ్లు మండింది. ఆరో సెమిస్టరులో చదువు ఆపేసిన విద్యార్థి కాగితం మీద పట్టభద్రుడు కాడు. పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ ఒక్క నిర్ణయంతో చేజారుతాయి. ఎంబీఏకు ఐసెట్, మూడేళ్ల న్యాయవాద కోర్సుకు లాసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, వీటిని ఆఖరి ఏడాది విద్యార్థులు కూడా రాయవచ్చు. సివిల్స్ ప్రిలిమ్స్ కూడా అంతే. కానీ చేరే రోజుకు, సివిల్స్‌కైతే మెయిన్స్ దరఖాస్తు నాటికే, డిగ్రీ పాసై ఉండాలి. కాబట్టి ఇప్పుడు మానేయవలసినది ఏదైనా ఉంటే అది సప్లిమెంటరీలో చూసుకుందామన్న ధీమా. మిగిలిపోయిన ఒక్క పేపరు వల్ల ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆగి, చివరి తేదీ దాటిపోయి, ఏడాది పోగొట్టుకున్నవారిని ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. కంప్యూటర్ నేర్చుకోవద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఎక్సెల్, తెలుగు టైపింగ్ రాని పట్టభద్రుణ్ని నేనైనా పనిలో పెట్టుకోను. డిగ్రీతో పాటు నేర్చుకోండి, సాయంత్రాలు.

ఇప్పుడు ఆ నంబరు. ఆ విద్యార్థిని ఎదుటే ఫోను చేసి, మా అమ్మాయి బీఏ చదువుతోంది, మీ కోర్సులో చేర్పించాలనుకుంటున్నాను అన్నాను. అవతలి గొంతు చాలా మర్యాదగా అడిగింది: “డిగ్రీ పూర్తయిందా అండి? పూర్తి కాకపోతే ప్లేస్‌మెంట్‌కు పంపలేం.”